డాక్టరు డైరీ: చక్రాల మీద ఇల్లు

ఆగస్టులో మన ఫుజైరా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సముద్రపు తేమ ఒంటికి తడిగుడ్డలా చుట్టుకుంటుంది. అందుకే ఈసారి వారం రోజులు సెలవు పెట్టి, మంచాలూ పొయ్యీ అమర్చిన వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని, మా ఆవిడా ఇద్దరు పిల్లలతో ఒమాన్‌లోని సలాలాకు బయల్దేరాను. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, మంచినీళ్ల డబ్బాలు ఎక్కాకే మేం ఎక్కాం.

అల్ ఐన్ దగ్గర సరిహద్దు దాటి ఇబ్రీ, ఆదం, హైమా, తుమ్రైత్‌ల మీదుగా సుమారు 1,200 కిలోమీటర్లు. ఆదం దాటి దక్షిణానికి పోగా పోగా జిద్దత్ అల్ హరాసిస్ అనే గులకరాళ్ల మైదానం వస్తుంది. మలుపు లేదు, మిట్ట లేదు. 1972లో అడవుల్లో అంతరించిపోయిన అరేబియా ఒరిక్స్ అనే తెల్ల జింకను 1982లో తిరిగి వదిలింది ఈ మైదానంలోనే. చీకటి పడేదాకా పిల్లలు కిటికీ వదల్లేదు గాని, కనిపించినవన్నీ ఒంటెలే.

ఎండ తప్పుతుందని రాత్రంతా నడపాలనుకున్నాను. అదీ నా తెలివి! పొద్దున 6 గంటలకు లేచి, డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం బండెక్కినవాణ్ణి. హైమా దాటాక, తెల్లవారుజామున రెండున్నరకు, "ఏమండీ, బండి గీత దాటుతోంది!" అని మా ఆవిడ భుజం కుదిపింది. గీత మాట అటుంచండి, అంతకుముందు దాటిన పెట్రోలు బంకే నాకు జ్ఞాపకం లేదు. వెనక మంచం మీద పిల్లలు నిద్రపోతున్నారు. నా చేతులు వణికాయి.

తరువాతి బంకు దగ్గర ఆపాను. లారీలు వరసగా నిలిచి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర జగిత్యాల డ్రైవరు ఒకాయన మా తెలుగు విని పలకరించాడు. సంగతంతా విని, "ఇల్లు ఎంబడి తెచ్చుకొని నిద్రెందుకు ఆపుకుంటున్నరు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వెళ్లి పడుకున్నాను.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం మద్యం పుచ్చుకున్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధనలో తేలింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్ల కునుకంటే 110 మీటర్లు కళ్లు మూసుకుని పోవడమే. అద్దం దించినా, పాటలు పెట్టినా నిద్ర ఆగదు. తెల్లవారుజామున, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ఒళ్లు తనంతట తానే నిద్ర కోరుతుంది. బండి ఆపి ఓ కాఫీ తాగి, 20 నిమిషాలు కన్ను మూస్తే కాస్త తేరుకుంటాం. అసలు మందు మాత్రం రాత్రి నిద్రే. రోగులకు ఇదంతా చెప్పేవాణ్ణి నేనే!

మర్నాడు తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే ఎడారి ఆగిపోయి, పొగమంచు, పచ్చగడ్డి, సన్నటి తుంపర మొదలయ్యాయి. మన ఊళ్లో వానలు తెచ్చే నైరుతి గాలే ఇక్కడి కొండలనూ తడుపుతుంది. ఈ కాలాన్ని వాళ్లు 'ఖరీఫ్' అంటారు. మన రైతు నోట వినే మాటే. రోడ్డు పక్క కొబ్బరిబొండాలు, అరటిగెలలు చూసి మా ఆవిడ కోనసీమ అంది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడగానే బండి ఆపేశాం. ఒక రోజు ఆలస్యమైంది. ఇల్లు వెంటే ఉంది కదా, తొందరేముంది!