స్కానర్ కూడా చాకీ మాదిరే కావాల

ఈసారి పురుగుల మాట కాదు, బండి మాట.

మన బాగేపల్లి, చింతామణి పక్క ఆకు మోసేదీ, చాకీ తెచ్చేదీ, గూళ్లను శిడ్లఘట్ట మార్కెట్టుకు చేర్చేదీ చానా ఇండ్లలో ఒక్క బండే. అది మొండికేస్తే ముందు మనమే స్పానర్ పట్టుకుంటాం. దీన్ని పిసినారితనం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైన నాలుగో జ్వరం లేచినాకే తింటుంది. ఆ వారం రోజుల్లో బండిని షోరూములో వదిలి రెండు దినాలు కాచుకోమంటే ఎట్లా? గూళ్లు విడిపించినాకా అంతే. ఆలస్యమయ్యేకొద్దీ తూకం తగ్గుతాది. ఇంకా ఆగితే చిలుక గూడు తొలుచుకొని బయటికొస్తాది, ఆ గూడు నుంచి దారం తీసేకి కాదు.

అయితే ఇంట్లో రిపేరి రాన్రానూ కష్టమవుతున్న మాట నిజం. పాత ఎక్సెల్ స్టార్టు కాకపోతే ప్లగ్గు తుడిచి, కార్బొరేటర్ జెట్ ఊది బిగిస్తే సగం జబ్బులు పోయేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నియమం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. సెన్సార్లు చెప్పినదాన్ని బట్టి పెట్రోలు ఎంత పోవాలో ఒక చిన్న కంప్యూటర్ లెక్కగడతాది. పొగ తగ్గడం మంచిదే. కానీ మీటరులో ఇంజన్ లైటు వెలిగితే, తప్పు యాడుందో చానా బండ్లలో స్కానర్ పెడితేగాని తెలీదు. అందాజుగా వైర్లు పీకితే, పార్టులు మారిస్తే ఖర్చు పెరిగేదే గాని బండి కదలదు.

చైను, క్లచ్ కేబుల్, బ్రేకు, ఏర్ ఫిల్టర్, ప్లగ్గు, పంక్చర్ ఇప్పటికీ మన చేతి పనులే. పంట దిగినాక, షెడ్డుకు బ్లీచింగ్ కొట్టే రోజుల్లోనే వీటిని చూసుకోవాల. ఆయిలు, పెట్రోలు అంటిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఆకు ముట్టొద్దు.

ఇంక స్కానర్ సంగతి. ఒకప్పుడు చిన్న పురుగుల్ని ఎవరింట్లో వాళ్లే పెంచేవాళ్లం. ఇప్పుడు చాకీ కేంద్రం నుంచి తెచ్చుకుంటున్నాం. నాజూకైన పని ఒకచోట, మిగతాది ఇంట్లో. బండికీ అదే దారి. నాలుగు ఊళ్ల రైతులు కలిసి ఒక స్కానర్ కొని, నమ్మకమైన ఊరి మెకానిక్ చేతికి ఇవ్వొచ్చు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. వాహనాలు, వ్యవసాయ పరికరాలు రెండూ అందులో ఉన్నాయి. పోర్టల్ ఉంటే చాలదు. రిపేరి పుస్తకం, కోడ్‌ల పట్టిక, అసలు పార్టులు ఊరి మెకానిక్‌కూ దొరకాల. గూళ్ల ధర కోసం గొంతెత్తే మన సంఘాలు దీన్నీ అడగాల.

మీ ఊర్లో ఏ మెకానిక్ దగ్గరైనా స్కానర్ ఉంటే, ఏ బండ్లకు పనిచేస్తాదో గ్రూపులో రాయండి.