గురి కుదిరినా గుళ్లు చెదిరితే...

జహీరాబాద్‌ కావచ్చు, జగిత్యాల కావచ్చు... ఎన్‌సీసీ పిల్లలు ఫైరింగ్‌ రేంజికి వెళ్లగానే వినిపించే మాట ‘గ్రూపింగ్‌’. ఒకే చోట గురిపెట్టి 5 గుళ్లు కాల్చాలి. అవి నడిమధ్యన పడ్డాయా లేదా అన్నది తర్వాతి సంగతి. ఒకదాని పక్కన మరొకటి పడ్డాయా అన్నదే ముందు చూస్తారు.

ఎందుకంటే... గుళ్లన్నీ ఒక్కచోటే పడి, ఆ చోటు మాత్రం పక్కకు జరిగితే అది ఒక జబ్బు. తలో దిక్కూ పడితే అది వేరే జబ్బు. మొదటిదానికి సైటు మరను నాలుగు క్లిక్కులు తిప్పితే చాలు. రెండోదానికి ఆ మందు పనిచెయ్యదు సరికదా, ఉన్న రోగం ముదురుతుంది!

బీజింగ్‌ పాఠం

2008 ఆగస్టు 11. బీజింగ్‌ ఒలింపిక్స్‌ 10 మీటర్ల ఎయిర్‌ రైఫిల్‌ ఫైనల్‌కి ముందు అభినవ్‌ బింద్రా సరిచూసుకోవడానికి కాలిస్తే పెల్లెట్లు మధ్యకు చాలా దూరంగా పడ్డాయి. సైటు జరిగిపోయిందని గ్రహించి, ఉన్న కొద్ది నిమిషాల్లోనే సరిచేసుకున్నాడు. 700.5 పాయింట్లతో దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు.

అదే పోటీలో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్‌ నారంగ్‌ 600కి 595 సాధించాడు. ఎనిమిదో స్థానానికి స్కోరు సమానమైనా టైబ్రేక్‌లో ఫైనల్‌ చేజారింది. అక్కడ పదో వలయమంటే అర మిల్లీమీటరు చుక్క మరి! నాలుగేళ్ల తర్వాత 2012 లండన్‌లో ఆయనే 598తో ఫైనల్‌ చేరి, మొత్తం 701.1 పాయింట్లతో కాంస్యం అందుకున్నాడు.

గుళ్లు చెప్పే గుట్టు

కాగితం మీది రంధ్రాలను గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. గుళ్లు నిలువు గీతలా పడ్డాయా? ఊపిరిని అనుమానించాలి. శ్వాసతోపాటు భుజం లేస్తూ దిగుతుంటే గొట్టం కూడా ఊగుతుంది. ఎయిర్‌ రైఫిల్‌ అయితే సిలిండర్‌లో గాలి తగ్గినా గుళ్లు కిందికి దిగుతాయి. అడ్డంగా పరుచుకున్నాయా? ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కకుండా లాగేస్తున్నారేమో చూడాలి. ఆరుబయట రేంజిలో పక్కగాలి వల్లా అలాగే అవుతుంది. పద్ధతీ పాడూ లేకుండా చెదిరితే... సైటు బిగింపు, బట్‌కీ గొట్టానికీ మధ్య స్క్రూలు, గొట్టంలో పేరుకున్న మురికి, పెల్లెట్ల రకం- ఇవన్నీ వరసగా చూడాలి. ఒకే కంపెనీ పెల్లెట్లయినా ఒక్కో బ్యాచ్‌ ఒక్కోలా పడుతుంది. అందుకే పేరున్న షూటర్లు రైఫిల్‌ని బిగించి మరీ పరీక్షించి, నప్పిన బ్యాచ్‌నే కొంటారు.

వేట రైఫిల్‌కి ఇంకో తంటా ఉంది. దాని గొట్టం పల్చన. వెంటవెంటనే కాలిస్తే వేడెక్కి, మొదటి తూటా ఒకచోట, నాలుగోది ఇంకోచోట పడొచ్చు. మధ్యలో చల్లారనివ్వాలి. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం. చెరకు తోటలో పడ్డ అడవిపందినైనా అనుమతి లేకుండా కాల్చకూడదు. కాబట్టి ఈ విద్యంతా రేంజిలోని కాగితం మీదే!

ఒక్కసారి ఒక్కటే

తప్పు తుపాకీదా, మనిషిదా తేలాలంటే రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, ఒకే రకం గుళ్లు అయిదు కాల్చాలి. దగ్గరగా పడితే రైఫిల్‌ నిర్దోషి. అప్పుడు నిలబడే తీరూ, పట్టూ, ఊపిరీ చక్కదిద్దుకోవాలి. సంచి మీదా చెదిరితే రైఫిల్‌నే చూడాలి. స్క్రూ బిగించారా, మళ్లీ అయిదు కాల్చండి. ఆ తర్వాతే గొట్టం శుభ్రం చేయండి. అన్నీ ఒకేసారి మారిస్తే గుళ్లు కుదురుకున్నా ఎందుకు కుదిరాయో తెలియదు. మర్నాడు మళ్లీ చెదిరితే కథ మొదటికే!

కొత్తవాళ్లు సాధారణంగా చేసేది దీనికి తిరకాసు. ఒక్క గుండు పక్కకు పోగానే సైటు మర తిప్పేస్తారు. అయిదూ పడేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే ఈ ఆటలో మొదటి మెట్టు.