ఫొటోలో క్రికెట్ గ్రౌండు, వెళ్తే అగ్గిపెట్టె

ఉన్న చిన్న ఫ్లాట్ అమ్మేసి కాస్త పెద్దది కొందామని మా ప్లాను. నెట్‌లో ఫొటోలు చూసి, మియాపూర్‌లో ఒకటి నచ్చి, తెనాలి నుంచి నాన్నగారిని కూడా రప్పించాను. ఫొటోలో బెడ్రూం చూస్తే క్రికెట్ ఆడుకోవచ్చనిపించింది. తీరా వెళ్తే, మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకోదు! నాన్నగారు ఏమీ అనలేదు. "తిరుగు బస్సు ఎన్నింటికిరా?" అన్నారంతే.

కిటుకంతా ఫోన్లోనే ఉందండీ. చాలా ఫోన్లలో 0.5 ఎక్స్ నొక్కితే దాదాపు 13 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినట్టు వస్తుంది. ఎదురు గోడ ఎక్కడో దూరంగా జరిగిపోతుంది. అది అబద్ధం కాదంటాడు బ్రోకరు. నాకైతే అబద్ధమే.

అమ్మేవాళ్ళూ, 1 ఎక్స్‌లో, గుమ్మంలో నిలబడి, ఛాతీ ఎత్తున తీయండి. మంచం ఉంటే ఉండనివ్వండి, గది సైజు తెలుస్తుంది. గిన్నెలు సర్దుకోండి, లైట్లు వేసుకోండి, అదేం మోసం కాదు. కానీ బాల్కనీలోంచి బయటికి ఒకటి తీయండి, పక్క బిల్డింగు గోడ నాలుగడుగుల్లో ఉన్నా సరే. పార్కింగులో స్తంభం అడ్డమైతే అదీ.

మా ఫ్లాటుకి అలాగే తీశాను, చెమ్మ పట్టిన గోడతో సహా. ఆ ఒక్క ఫొటో పెట్టడానికి మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.