పొత్తూ మొగమాటమూ

తెలుగులో ‘వాటా’ అన్న మాటకు రెండర్థాలున్నవి. ఒక ఆస్తిలో ఒక మనిషికి చెందవలసిన పాలు ఒకటి. ఒక ఇంటిలో అద్దెకిచ్చే భాగం రెండవది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల పాత పేటలలో ఈ రెండవ అర్థమే తరతరాలుగా వాడుకలో ఉన్నది. ఒకే పెంకుటింటిలో మూడు వాటాలు, నడుమ ఒక నుయ్యి, వెనుక ఒక దొడ్డి, వీధివైపు అందరికీ కలిపి ఒక అరుగు. గుమాస్తా, బడిపంతులు, కొట్టు యజమాని అక్కడ పక్కపక్కన కాపురముండేవారు. గొడవలు రాలేదని కాదు. వచ్చిన గొడవ బిందెడు నీటితోనో, ఆరవేసిన బట్టతోనో పుట్టి, సాయంకాలానికి అరుగు మీదనే చల్లారేది. ఆ గోడలలో వారి సొమ్ము లేదు.

ఇప్పుడు మొదటి అర్థానిదే రాజ్యం. పెంకుటిల్లు ఉన్నచోట అపార్టుమెంటు లేస్తున్నది. ఊరి చివర వరిచేను ప్లాట్ల వెంచరు అవుతున్నది. కొనేవారందరూ ధనవంతులు కారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, విదేశాలలో కొడుకులున్న తండ్రులు, ఒక్కరి సొమ్ము చాలక ముగ్గురు నలుగురు కలిసి కొంటున్నారు. తెనాలి నుండి ఒక రైలుశాఖ రేపల్లెకు పోతుంది. చెన్నై వైపు పోయే పెద్ద లైను బాపట్ల మీదుగా సాగుతుంది. ఒక ఊరిలో కాపురం, ఒక ఊరిలో ఉద్యోగం, ఇంకొక ఊరిలో స్థలం అన్నది ఈ ప్రాంతపు మధ్యతరగతికి వింత కాదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. జిల్లాలు వేరైనా పొత్తులు వేరుకాలేదు.

ఇట్టి పొత్తు చెడినప్పుడు, డబ్బు దగ్గర అన్నదమ్ములు సైతం పరాయివారే అని లోకం తీర్పు చెబుతుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెతను తోడు తెచ్చుకొంటుంది. ఈ తీర్పులో సగమే నిజం. లోభుల వల్ల చెడిన పొత్తులు లేకపోలేదు. కాని మంచివారి నడుమ చెడిన పొత్తులే ఎక్కువ బాధాకరమైనవి. అవి చెడేది లోభం చేత కాదు, మొగమాటం చేత. మొదటి రోజున అడుగవలసిన మాటను అయిదేళ్ళ తరువాత అడుగడం చేత. మొదటి రోజున అది ప్రశ్న. అయిదేళ్ళకు అదే నింద.

నలుగురు కలిసి రేపల్లె శివారున 20 లక్షల రూపాయలకు ఒక స్థలం కొన్నారనుకొంటే లెక్క సులభంగా తెలుస్తుంది. ఒక మాస్టారు 8 లక్షలు, ఆయన తోటి ఉపాధ్యాయుడు 6 లక్షలు, వీధిలోని మందుల కొట్టు యజమాని 4 లక్షలు, మాస్టారి బావమరది 2 లక్షలు పెట్టారు. ‘మనలో మనకు కాగితాలెందుకు, బావగారూ!’ అన్న ఒక్క మాటతో ఒప్పందం ముగిసింది. కొన్నేళ్ళకు స్థలం 30 లక్షలకు అమ్ముడుపోయింది. పెట్టుబడిని బట్టి పంచితే వరుసగా 12, 9, 6, 3 లక్షలు రావాలి. సమానంగా పంచితే తలకు ఏడున్నర లక్షలు. రెండవ లెక్కలో బావమరదికి నాలుగున్నర లక్షలు అదనం. ధర పెరిగిన స్థలం మీద కూడా మాస్టారికి అసలులోనే అర లక్ష నష్టం. ఇందులో ఎవరూ దొంగ కారు. ఆఫీసుల చుట్టూ తిరిగి, కంచె వేయించి, స్థలం ఆక్రమణ కాకుండా కాపాడిన బావమరది ‘నా శ్రమకు విలువ లేదా?’ అంటాడు. సొమ్ము ఎక్కువ పెట్టిన బావ ‘నా వడ్డీ మాటేమిటి?’ అంటాడు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. జవాబు ముందే వ్రాసి పెట్టుకోకపోవడం మాత్రం నలుగురి తప్పు.

చట్టం ఈ సందర్భాన్ని ఏనాడో ఊహించింది. వేరువేరు సొమ్ముతో కలిసి ఆస్తి కొన్నవారికి, మరొక ఒప్పందం లేనప్పుడు, ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారికి వాటా అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను చెబుతున్నది. ఎవరెంత పెట్టారో రుజువు లేనప్పుడు అందరి వాటాలూ సమానమని భావించాలనీ అదే సెక్షను చెబుతున్నది. చేతి నుండి చేతికి నగదుగా పోయిన సొమ్ముకు రుజువెక్కడిది? ఆ నలుగురూ స్థలాలు కొని అమ్మడమే వ్యాపారంగా పెట్టుకొన్న భాగస్వాములని తేలితే 1932 నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. ఒప్పందం లేనిచోట, పెట్టుబడి ఎంతైనా, లాభనష్టాలు సమానమని ఆ చట్టం. మొగమాటపడి వ్రాసుకోనివారి తరఫున చట్టమే వ్రాసి ఉంచిందన్నమాట. ఆ వ్రాత వారికి నచ్చకపోవచ్చు.

విచిత్రమేమంటే, ఈ ప్రాంతం వ్రాతకు కొత్తది కాదు. పదివేలు అప్పిచ్చేటప్పుడు ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించుకోవడం ఇక్కడ ఎవరికీ అవమానం కాదు. మూడేళ్ళ గడువు దాటకముందే నోటు తిరుగ వ్రాయించుకోవాలని బడికి పోని రైతు సైతం ఎరుగును. అప్పుకు కాగితం మర్యాద, పొత్తుకు కాగితం అమర్యాద అన్న భేదం ఎక్కడ పుట్టింది? అప్పులో ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఎదురెదురుగా నిలబడతారు. పొత్తులో అందరూ ఒకే వైపున ఉన్నట్లు కనిపిస్తుంది. కాని కొనేనాడు ఒక వైపున నిలిచినవారే పంచుకొనేనాడు ఎదురెదురుగా నిలబడవలసి వస్తుంది. కాగితం ఆనాటి కోసమే.

మొగమాటం తెచ్చే రెండవ ఆపద ఇంతకంటె పెద్దది. నలుగురికీ ఒకేనాడు సెలవు దొరకదని, ఇన్ని పేర్లు ఎందుకని, ‘మీ పేరున ఉంటే మా పేరున ఉన్నట్లే’ అని, ఒక పెద్దమనిషి పేరున దస్తావేజు వ్రాయిస్తారు. ఒకరు సొమ్ము పెట్టి మరొకరి పేరున ఆస్తి కొనడాన్ని 1988 నాటి బేనామీ చట్టం నిషేధించింది. 2016 సవరణతో శిక్ష ఏడేళ్ళ కఠిన కారాగారం వరకు, జుల్మానా ఆస్తి విలువలో నాలుగవ వంతు వరకు పెరిగింది. ఆస్తి జప్తు కూడా కావచ్చును. భార్యాబిడ్డల విషయంలో కొన్ని మినహాయింపులున్నవి. స్నేహానికి మినహాయింపు లేదు. ఆస్తి నిజానికి తనదని సొమ్ము పెట్టినవాడు దావా వేయడానికీ వీలులేదు. పేరున్న పెద్దమనిషి ఎంత ధర్మాత్ముడైనా, ఆయన అనంతరం దస్తావేజు చూసేది వారసులు. వారికి అందులో కనిపించేది ఒక్క పేరే.

మూడవది బిల్డరుతో పొత్తు. పాత ఇంటి యజమాని స్థలమిస్తాడు, బిల్డరు కడతాడు, ఫ్లాట్లు ఒప్పుకొన్న పాళ్ళలో పంచుకొంటారు. ‘రెరా’ అని జనం పిలిచే స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో వచ్చింది. కాని స్థలం 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 600 గజాలకు, మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా, ఆ కట్టడాన్ని రెరాలో నమోదు చేయనక్కరలేదని కేంద్ర చట్టం. చిన్న పట్టణంలో ఒక పాత ఇంటి స్థలాన లేచే కట్టడం ఈ హద్దుకు లోపలనే ఉండడం సహజం. అట్టిచోట స్థలమిచ్చినవానికి రక్ష ఒప్పందంలోని వాక్యాలే. ఏ నెలకు ఇల్లు పూర్తి కావాలి? ఆలస్యమైతే యజమాని బయట ఉండే ఇంటి అద్దె ఎవరు కట్టాలి? ఏ అంతస్తు ఎవరిది? డాబా పైభాగం ఎవరిది? బండి నిలిపే చోటు ఎవరిది? వీటిని అడిగినందుకు నొచ్చుకొనే బిల్డరుకు స్థలం అప్పగించకపోవడమే మేలు.

నాలుగవది విడిపోయే దారి. అందరూ మరచేది ఇదే. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. 2025 మే 2న అమరావతి పనులు తిరిగి మొదలైనవి. ఈ పదేళ్ళలో ఆ చుట్టుపట్ల నేల మీద సొమ్ము పెట్టినవాని ఆశ ఎన్నిసార్లు లేచి పడిందో చెప్పనక్కరలేదు. ఆశ పడిన రోజులలోనే ఒకరికి కూతురి పెళ్ళి కుదురుతుంది, మరొకరికి ఆసుపత్రి ఖర్చు వచ్చి పడుతుంది. ‘నా వాటా నాకు ఇచ్చివేయండి’ అంటే ఏ ధరకు ఇవ్వాలి? ముందు తోటివారికి చూపాలా, నేరుగా బయటివానికి అమ్ముకోవచ్చునా? ఒప్పందం లేనప్పుడు చివరి గడప కోర్టు. పంచడానికి వీలుకాని ఉమ్మడి ఆస్తిని, వాటాదారులు కోరినప్పుడు, అమ్మించి సొమ్ము పంచే అధికారం 1893 నాటి విభజన చట్టం కోర్టుకు ఇచ్చింది. ఆ తీర్పు వచ్చేనాటికి పెళ్ళికూతురి పిల్లలు బడిలో చేరి ఉంటారు.

వ్రాసుకోవడం ఇంగ్లీషు కోర్టులతో వచ్చిన అలవాటనీ, మన సంప్రదాయం నోటిమాటదనీ కొందరంటారు. చరిత్ర ఈ మాటను ఒప్పదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో ‘సంభూయ సముత్థానం’ ఒకటి. పలువురు కలిసి చేసే వ్యాపారమని అర్థం. లాభనష్టాలను పెట్టిన సొమ్మును బట్టి గాని, ముందు చేసికొన్న ఒడంబడికను బట్టి గాని పంచుకోవాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. లిఖితం, భుక్తి, సాక్షులు అని ప్రమాణాలు మూడింటిని చెబుతూ లిఖితాన్ని మొదట పేర్కొన్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి, 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగున రచించాడు. తెలుగు భాషకు తెలుగులోనే వ్యాకరణం చెప్పిన ‘ఆంధ్రభాషాభూషణము’ కూడా ఆ కేతనదే. మాటకు లక్షణం చెప్పిన చేయే ఆస్తి తగవుకూ లక్షణం చెప్పింది. ఆనాటి పండితునికి ఈ రెండూ పరస్పరం సంబంధం లేని విద్యలుగా తోచలేదు.

నేటి తెలుగు తరగతిలో అవి విడిపోయినవి. పదవ తరగతి విద్యార్థి సమాసానికి విగ్రహవాక్యం చెప్పగలడు, ఉత్పలమాలకు గణవిభజన చేయగలడు. తండ్రి ఇంటి దస్తావేజు చేతికిస్తే పది పంక్తులు దాటలేడు. ‘దాన వినిమయ విక్రయములు’ అన్నది బహుపద ద్వంద్వమని చెప్పినవాడే, దానం చేసే, మారకం చేసే, అమ్మే హక్కులు మూడూ కొన్నవానికి సంక్రమించినవని గ్రహించడు. ‘అవిభక్తం’ అంటే విభజింపబడనిది. ‘అవిభాజ్యం’ అంటే విభజింప శక్యం కానిది. నలుగురు కొన్న విశాలమైన ఖాళీ స్థలంలో వాటా మొదటి తరగతిది. ఏనాడైనా కొలిచి పంచుకోవచ్చును. అపార్టుమెంటు క్రింది నేలలో ఫ్లాటుదారు వాటా రెండవ తరగతిది; కట్టడం నిలిచి ఉన్నంతకాలం గీత గీసి వేరుచేయలేరు. ఒక్క ప్రత్యయం మారితే ఒక కుటుంబపు ఆస్తి స్వరూపమే మారుతున్నది. వ్యాకరణం ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు దొరకదు.

దస్తావేజు భాషలో దోషం లేదని కాదు. ఒకే వాక్యం ఒక పుట పొడుగునా సాగుతుంది. ‘ఇందుమూలముగా’, ‘యావన్మంది’, ‘దఖలుపరచి’ వంటి మాటల నడుమ కర్త ఎక్కడున్నాడో వెదకుకోవలసి వస్తుంది. అందుచేతనే చదవకుండా సంతకం చేసే అలవాటు బలపడింది. పొత్తుకు దిగేవారు ముందుగా తమ ఇంటి తెలుగులో ఒక కాగితం వ్రాసికొని, పిమ్మట న్యాయవాదికి చూపడం ఉత్తమమైన పద్ధతి. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ బ్యాంకు ద్వారా ఇచ్చారు? దస్తావేజులో ఎవరెవరి పేర్లు ఉండాలి? పన్నులు, కంచె, తిరుగుడు ఖర్చు ఎవరివి? శ్రమకు ఏమి ప్రతిఫలం? ఎన్నేళ్ళకు అమ్మాలి? ఒకరు ముందే తప్పుకొంటే ధర ఎట్లా కట్టాలి? ఒకరు మరణిస్తే వారసులతో ఎట్లా నడచుకోవాలి? తగవు వస్తే ఎవరి మాట వినాలి? ఈ ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది చిన్న వాక్యాలు చాలును. వాటిని స్పష్టంగా వ్రాయగల శక్తి నలుగురిలో ఎక్కువగా ఉపాధ్యాయునికే ఉంటుంది.

కనుక తెలుగు ఉపాధ్యాయులు ఏటా ఒక్క పీరియడు దీనికి కేటాయించడం వృథా కాదు. పేర్లూ సర్వే నంబర్లూ తొలగించిన ఒక క్రయ దస్తావేజును తరగతిలో చదివించవచ్చు. నాలుగు హద్దులను బల్ల మీద గీయించవచ్చు. పొడుగు వాక్యాన్ని చిన్న వాక్యాలుగా విడగొట్టించవచ్చు. లెక్కల మాస్టారు అదే దస్తావేజుతో గజాలను సెంట్లలోకి మార్పించవచ్చు. సెంటుకు 48.4 గజాలని నేర్చిన పిల్లవాడు ఇంటికి పోయి తండ్రి స్థలాన్ని కొలిచి చూస్తాడు.

వ్రాత అవిశ్వాసానికి గుర్తని భయపడేవారు ఒక్కటి ఆలోచించాలి. మనిషి మంచితనం మారకపోయినా జ్ఞాపకం మారుతుంది. తాను చెప్పినది ఒకరికి ఎక్కువగా, తాను విన్నది మరొకరికి తక్కువగా గుర్తుంటుంది. ఆ ఇద్దరూ అబద్ధాలాడేవారని పదిమందిలో అనిపించుకోకుండా కాపాడేది ఆ కాగితమే. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నలుగురు కలిసి ఇల్లు కట్టేటప్పుడు ఆ చూడడం సంతకానికి ముందే జరగాలి.