గడియారమును త్రిప్పుట మేలా?

ఐరోపాలో పెక్కు దేశములు ఏటేట మార్చి చివర గడియారమును ఒక గంట ముందునకు జరిపి, అక్టోబరు చివర వెనుకకు త్రిప్పుచున్నవి. బొగ్గు పొదుపునకై 1916లో జర్మనీ ఆరంభించిన పద్ధతి యిది. యుద్ధకాలమున, 1942 మొదలు 1945 వఱకు, మన దేశమునందును గడియారములు గంట ముందు నడచెను. 2019లో ఐరోపా పార్లమెంటు దీనిని మాన్పుటకు సమ్మతించినను, పద్ధతి నిలిచియే యున్నది.

లండనునందు వేసవి పగలు 16 గంటలకు మించును. శీతకాలమున 8 గంటలైన నుండదు. వెలుతురును వృథాపుచ్చరాదను వారి తలంపు మెచ్చదగినదే. అయినను ముల్లు త్రిప్పినంతనే ప్రొద్దు పెరుగునా? మార్చిలో నిద్ర తఱుగును. పసిబిడ్డకును పాడియావునకును ఆ శాసనము తెలియదు.

మన బడులు వేసవిలో ఒంటిపూట నడచునపుడు బడిగంట ముందుగా మ్రోగును, గడియారము కదలదు. ఋతువును బట్టి పనివేళలను మార్చుకొనుటయే మేలు. గడియారమును త్రిప్పుట మానవలయును.