ఇంటి స్మార్ట్ మీటరు: లెక్క సరే, రీఛార్జి వద్దు

స్మార్ట్ మీటర్లంటే మన సంఘం మొదట మాట్లాడేది పంపుసెట్ల గురించే. ఉచిత విద్యుత్తుకు ఎసరు పెట్టే ఏ మీటరునైనా వ్యతిరేకిస్తాం, అందులో మార్పు లేదు. అయితే ఇళ్ల మీటర్లను విడిగా చూడాలి.

ఇప్పుడు రీడింగ్ తీసే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే యూనిట్లు పై శ్లాబులోకి పోతాయి. ఇంటికి తాళం ఉంటే అంచనా బిల్లు. స్మార్ట్ మీటరు రీడింగును తనే పంపుతుంది. ఏ రోజు ఎంత కరెంటు కాలిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఇది మనకు లాభమే, కాదనక్కర్లేదు.

చిక్కంతా ప్రీపెయిడ్‌తోనే. 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం లక్ష్యం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు. రైతు చేతికి డబ్బు నెలనెలా రాదు. ధాన్యం అమ్మాకే వస్తుంది, అదీ కొనుగోలు కేంద్రం వాళ్లు ఎప్పుడు వేస్తే అప్పుడు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 56 ప్రకారం బిల్లు బకాయి పడ్డా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు. రీఛార్జి మీటరులో ఆ గడువుకు చోటేదీ? నాట్ల నెలలో బ్యాలెన్స్ అయిపోతే ఇల్లు చీకటే.

అందుకే స్మార్ట్ మీటరు పెట్టినా బిల్లు మాత్రం వాడుకున్న తర్వాతే ఇవ్వాలని డిస్కంలను గట్టిగా అడగాలి. మీటరు ఎక్కువ తిరుగుతోందని అనుమానం వస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిన 5 రోజుల్లో మరో మీటరు పెట్టి కనీసం 3 నెలలు వాడకాన్ని సరిచూడాలి. ఫిర్యాదుకు రసీదు తీసుకోవడం మరవొద్దు.