డబుల్ ప్రమోషను

జూను మాసము సమీపించినదనిన మా కార్యాలయమునకు ఒక విధమైన కక్షిదారులు వచ్చుచుందురు. వారికి పొలముగట్టు తగవులు లేవు. ప్రామిసరీ నోట్ల చిక్కులు లేవు. కుమారుని చేయి పట్టుకొని వచ్చి, "అయ్యా, వయస్సు చాలదని వీనిని పై తరగతిలో చేర్చుకొనకున్నారు, అఫిడవిట్టు మీద ఒక యేడు పెంచుటకు వీలున్నదా?" యని యడుగుదురు. వీలులేదని చెప్పి పంపివేయుదుము. ఈ సంవత్సరము వచ్చిన యొక గృహస్థు మాత్రము దొంగకాగితము కోరలేదు, ఆలోచన కోరెను. ఐదేండ్లకే మొదటి తరగతిలో చేరిన యాతని కుమార్తె మూడవ తరగతి ముగించినది. ఐదవ తరగతి లెక్కలు నోటనే చేయుచున్నది. నాల్గవ తరగతి దాటించి ఐదవదానిలో కూర్చుండబెట్టుదుమని బడివారే చెప్పిరట. తండ్రికి సంతోషము, తల్లికి సంశయము, నాయనమ్మకు దిష్టి భయము. పిల్లనెవ్వరును అడుగలేదు.

ఇట్టి దాటింపు సర్వవిధముల చెఱుపని వాదించువారితో మేమేకీభవింపము. తెలిసిన పాఠమునే యేడాది పొడవున వినుచు కూర్చున్న పిల్ల సుఖముగా నున్నదని మనమనుకొందుము. కాని యది యప్పుడు నేర్చుకొనుచున్నది మఱియొకటి: కష్టపడకయే మొదటి మార్కు వచ్చునని. ఈ దురలవాటు పదునైదవయేట నిజముగా కఠినమైన పాఠము ఎదురుపడిన నాడుగాని బయటపడదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమువారు ఈ విషయమై జరిగిన పరిశోధనలను ప్రోగుచేసి 2004లో ప్రకటించిన నివేదికయు, తగిన పరీక్ష చేసి ముందునకు పంపిన పిల్లలు సాధారణముగా చదువున వెనుకబడుటలేదనియే చెప్పుచున్నది. కావున భయమొక్కటే కారణముగా వలదనుట న్యాయము గాదు.

అయితే తండ్రులు చూపు దృష్టాంతములు మాకు నచ్చవు. మా గృహస్థు సి.వి. రామను పేరు చెప్పెను. రామను విశాఖపట్టణమున చదివి పదునొకండేండ్లకే మెట్రిక్యులేషను గడచిన మాట నిజమే; 1930లో నోబెలు బహుమానము పొందిన మాటయు నిజమే. కాని యాయన తండ్రి ఆ పట్టణపు కళాశాలలోనే గణిత భౌతికశాస్త్రముల నుపన్యసించినవాడు. బాలుని ప్రశ్నకు బదులు చెప్పగలవాడు ఇంటనే యుండెను. అదిగాక, మెట్రిక్యులేషను మూడవసారికిగాని గట్టెక్కని మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని ఈ తండ్రులేల తలపరో మాకు తెలియదు.

న్యాయవాదులకు తెలిసిన దృష్టాంత మొకటి వేఱే కలదు. విలియం జేమ్స్ సైడిస్ అను అమెరికా బాలుడు 1909లో పదునొకండవ యేట హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. మరుసటియేట అక్కడి గణితజ్ఞుల సభలో నాల్గవ పరిమాణమును గూర్చి యుపన్యసించెను. పత్రికలు వెంటబడినవి. పెరిగి పెద్దయైన పిదప ఆతడు కీర్తి నుండి పాఱిపోయి, చిన్న గుమాస్తా పనులు చేసికొనుచు మఱుగున బ్రతికెను. 1937లో నొక వారపత్రిక ఆతనిని వెదకి పట్టుకొని వ్రాయగా, దావా వేసెను. ఆ వ్యాసము నిర్దయమైనదని యొప్పుకొనుచునే అప్పీలు కోర్టువారు 1940లో ఆతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పిరి: ఒకప్పుడు లోకప్రసిద్ధుడైనవానిని గూర్చి తెలిసికొనుటకు లోకమునకు హక్కు గలదట! ఆ ప్రసిద్ధిని బాలుడు తాను కోరి తెచ్చుకొన్నాడా? ఆతనిని బాధించినది తరగతి దాటుటయని మేమనము, ప్రదర్శనయని యందుము. నేడు మన పట్టణములలో బడిగోడల మీద పిల్లల బొమ్మలతో వ్రేలాడు ఫ్లెక్సీలను చూచినప్పుడెల్ల ఈ వ్యాజ్యము మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. మా గృహస్థు పిల్లకును ఒక ఫ్లెక్సీ సిద్ధమగుచున్నదని మాటలో తేలినది.

మేమిచ్చిన యాలోచన యిది. లెక్కలలో ముందున్న పిల్లను లెక్కలకు మాత్రమే పై తరగతికి పంపవచ్చును. 1975లో ఆస్ట్రేలియాలో జన్మించి, 2006లో గణితశాస్త్రపు ఫీల్డ్స్ పతకము పొందిన టెరెన్స్ టావోను తల్లిదండ్రులిట్లే ఒక్కొక్క విషయమున నొక్కొక్క తరగతిలో నుంచి చదివించిరి. మఱి యీ పిల్ల వ్రాత చూతుమని ఒక పుట వ్రాయించితిమి. లెక్క ఐదవ తరగతిది; చేవ్రాత, ఒత్తులు, దీర్ఘములు రెండవ తరగతివి. నాల్గవ తరగతిలో దిద్దుకొనవలసిన తెలుగును దాటించినచో దానిని తిరిగి చెప్పువారెవరు? ఇంకొకటి: ఒక తరగతి దాటిన ఈ పిల్ల పదునాఱేండ్లకే ఇంటర్మీడియేటు ముగించును. వైద్యవిద్యకు పోగోరినచో, నీట్ నిబంధన ప్రకారము ప్రవేశసంవత్సరపు డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండవలయును. పుట్టిననెలను బట్టి, ఇప్పుడు మిగిల్చిన యేడాదిని అప్పుడు వాకిట కూర్చుండి గడపవలసి రావచ్చును.

తుదకు పిల్లనే యడిగితిమి. "మా జట్టు పిల్లలు కూడ వత్తురా?" యనెను. తండ్రి నవ్వెను, మాకు నవ్వు రాలేదు.

ఈ యేడు లెక్కలకు మాత్రమే ఐదవ తరగతికి పంపుడు, వచ్చు జూనులో మఱల చూతమని చెప్పితిమి. గృహస్థు అసంతృప్తితోనే వెడలెను. రెండు తరగతుల లెక్కల గంట ఒకటి కాదు గనుక కుదరదని ప్రధానోపాధ్యాయుడు చెప్పెనట. ఆ రెండు గంటలను ఒక్కవేళకు మార్చుడని మేమే యాయనకు జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తరమింకను రాలేదు.